బటన్ చాకు అక్క

కుప్పంలో నా కుట్టుమిషన్ అంగడికి జాకెట్టు గుడ్డ తెచ్చిన ఒకావిడ, కొలతలు ఇస్తూ ఇస్తూ, "మీ అక్క పోయిందంట కదమ్మే, మదనపల్లిలో. శుక్రవారం పెద్దకర్మంట" అంది. ఆవిడ ఒకప్పుడు మాతోపాటు గ్రామసేవికగా పనిచేసిన మనిషి. "నాకు అక్కలెవరూ లేరు" అన్నాను, టేపు ఆవిడ భుజం మీదినుంచి తీయకుండానే. ఆ మధ్యాహ్నం ఆ జాకెట్టుకు చేతులు పొట్టిగా కత్తిరించి పాడుచేశాను. కొత్త గుడ్డ నా చేత్తోనే కొని మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. పోయి కూడా నాకు పని పెట్టింది మహాతల్లి.

ఆమె పేరు రాయను. మర్యాద కోసం కాదు. ఆ పేరు రాయాలంటే ఇప్పటికీ నాకు చేయి రాదు. ఆఫీసులో ఆడవాళ్ళమంతా అక్క అనేవాళ్ళం. ఊళ్ళలో వాళ్ళు బటన్ చాకు అక్క అనేవాళ్ళు, ఆమెకు వినిపించేటట్టుగానే. ఆమెకు ఆ పేరంటే లోలోపల గర్వం.

డెబ్బైల చివర్లో నాకు గ్రామసేవికగా టెంపరరీ ఉద్యోగం వచ్చింది. పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు కుట్టుపని, పెరటి కూరగాయలు, పిల్లల తిండీ తిప్పలూ నేర్పే పని. మాది కుప్పం పక్కన మెట్ట పల్లె. వానొస్తే చెనక్కాయ పంట, రాకపోతే బీడు. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే, మగవాళ్ళను కలుపుకుని. నాయనకు మాత్రం ఇష్టం లేదు. బస్సెక్కించేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి, "ఏదన్నా పేరొచ్చిందంటే ఆ పొద్దే ఇంటికొచ్చెయ్యల్ల. మళ్ళా ఉద్యోగమనే మాట ఎత్తగూడదు" అన్నాడు. నా ఉద్యోగమంతా ఆ షరతు మీదే నడిచేది.

మా ఆఫీసు ఏ ఊళ్ళో ఉండేదో చెప్పను. రూము మాత్రం పుంగనూరులో, బస్టాండు వెనక సందులో. అందులో అప్పటికే ఆమె ఉంది. నేను ట్రంకుపెట్టె మోసుకుని పోయి తలుపు కొడితే టీ గ్లాసుతో వచ్చి తెరిచింది. పొడుగు మనిషి, బిగుతు ముడి, పగిలిన మడమలు. నన్ను చూడకుండా పెట్టెను చూసి, "ఈ తాడు ఇంత బిగిచ్చి కట్టినోడు ఎవరమ్మే, మీ నాయనా?" అంది. బొడ్లోంచి సన్నటి నికెలు డబ్బా ఒకటి తీసింది. దువ్వెనేమో అనుకున్నాను. టక్కుమని చప్పుడయింది, తాడు తెగి కింద పడింది, డబ్బా మళ్ళీ బొడ్లోకి పోయింది. ఇంకో చేతిలోని టీ తొణకనైనా లేదు. ఆ గ్లాసు నాకే ఇచ్చి, "తాగు, సల్లారి పోతాది" అంది.

మద్రాసు హార్బరులో పనిచేసే తమ్ముడు ఆమెకు ఆ చాకు తెచ్చి ఇచ్చాడట. సంతలో అమ్మే బటన్ చాకులు నేనూ చూశాను. అవి బటన్ నొక్కితే తలుపు మాదిరి పక్కనుంచి తెరుచుకునేవి. ఇది అట్లా కాదు. పిడి కొసలోనే చిన్న సందు. పిడి మీద ఉన్న మీటను బొటనవేలితో ముందుకు తోస్తే ఆ సందులోంచి కత్తి నేరుగా ముందుకు దూకేది. అదే మీట వెనక్కి లాగితే బుద్ధిమంతుడిలా లోపలికి పోయేది. మూసినప్పుడు అది కత్తి అని ఎవరూ అనుకోరు. అదే దాని అందం అనేది ఆమె. ఏమీ తోచనప్పుడు మంచం మీద కూర్చుని టక్, టక్ అని ఆడించేది. నాకు ఆ చప్పుడు వినకపోతే నిద్ర రానంత అలవాటయింది.

దాని ఉపయోగాల గురించి ఆమె చెప్పడం మొదలుపెడితే మీటింగులో మాట్లాడినట్టే ఉండేది. "ఆడదానికి రెండు చేతులూ ఖాళీగా ఉండేది యాడమ్మే? ఒక చేతిలో గొడుగు, సంకలో బిడ్డో సంచో. మడిసే చాకు తెరవల్లంటే గోరు పెట్టి లాగల్ల, రెండు చేతులు కావల్ల. మూసేటప్పుడు రవ్వంత ఏమారితే వేలు తెగుతాది. దీనికి ఒక బొటనవేలు సాలు" అనేది. అది నిజమే. పాలపొడి మూటల పురికొస, టమాటా నారుకు కట్టిన పీచు, కుట్టుమిషన్ దారం, పెన్సిలు, జామకాయ, అన్నిటికీ అదే. పల్లెలో ఎవరింటికి పోయినా ముందు ఒక పని చేసి పెట్టేది, చాకుతో. ఆ తరవాతే ఆమె మాట వినేవాళ్ళు. ఆడవాళ్ళు దాన్ని చూడ్డానికే పోగయ్యేవాళ్ళని నా అనుమానం.

దాని తప్పులు కూడా దాచేది కాదు. బెల్లం కోస్తే మొరాయిస్తుంది. చీర దూది సందులో చేరితే సగమే బయటికొచ్చి ఊగుతూ నిలబడుతుంది, అప్పుడు చేత్తో పట్టి లాగాలి. టెంకాయకు పనికిరాదు. వారానికొకసారి ఊది, మిషన్ నూనె చుక్క వేసి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినేది. "మనిసి కంటే మేలు. ముందే సప్పుడు మారి సెప్తాది" అనేది. నేను నవ్వేదాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఒక సంత రోజు పుంగనూరు నుంచి మదనపల్లికి బస్సులో నిలబడి పోతున్నాం. నా వెనక ఒక పెద్దమనిషి, పంచె, భుజం మీద తువ్వాలు. బస్సు ఎటు తిరిగినా ఆయన మాత్రం నా మీదికే ఒరుగుతున్నాడు. నేను ముడుచుకుపోతున్నాను. అక్క చూసింది. మోచేత్తో కడ్డీని చుట్టి, సంచిలోంచి మామిడికాయ తీసి, టక్కుమని చాకు తెరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి. తీరిగ్గా ముక్కలు కోసి నాకొకటి, పక్కన చంటిబిడ్డ తల్లికొకటి ఇచ్చింది. చివరి ముక్క కత్తి మొనకు గుచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"తినప్పా. నిలబళ్ళేకపోతాండావు, నీరసంగా ఉండావేమో" అంది.

పాపం తీసుకున్నాడు. ఆ పుల్లటి ముక్కను టెంకతో సహా నమిలాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన ఊరు కాదని నా గట్టి నమ్మకం.

"నువ్వు పొడుస్తావేమో అనుకున్నానక్కా" అన్నాను దిగాక.

"పొడిసేదానికి ఇది పనికిరాదమ్మే. వచ్చేటప్పుడు దేనికన్నా తగిలిందంటే ఆడనే నిలిసిపోతాది. కొయ్యే పన్లేదు. కోస్తాదని ఎదుటోనికి తెలిస్తే సాలు" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెలాగే నడవడం, ఆమెలాగే ముడి వేసుకోవడం మొదలుపెట్టాను. నవ్వుకోండి. ఇరవై రెండేళ్ళ పిల్లకు అట్లాంటి మనిషి ఒకరు దొరికితే దేవుడు దొరికినట్టే.

మా ఆఫీసులో ఒక ఆఫీసరు ఉండేవాడు. కొత్త ఆడపిల్లలను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటాడని, ఊళ్ళో పని లేకపోయినా క్యాంపు పెడతాడని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఏమీ అనరు. నా పేరు ఆయన క్యాంపు లిస్టులో పడిన రోజు అక్క అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉంది. తరవాత లేచి చేయి కడుక్కుని వచ్చి చాకును నా కంచం పక్కన నేల మీద పెట్టింది.

"తీసుకో. నీదే ఇంగ" అంది.

"మరి నీకక్కా?"

"నాకు యాల. నన్ను సూస్తేనే జడుసుకుంటారు."

మా వైపు కత్తిగానీ కత్తెరగానీ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోరు. ఇద్దరికీ పగ పుడుతుందంటారు. ఇచ్చేవాళ్ళు కింద పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. బజారులో కత్తిపీట కొన్నా అంగడివాడు బల్ల మీదే పెడతాడు. నాకూ ఆమెకూ ఎప్పటికీ పోట్లాట రాకూడదనే అట్లా నేల మీద పెట్టిందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడంచేత్తో చాకు తీసుకుని బొడ్లో దోపుకున్నాను.

క్యాంపులో ఏమీ జరగలేదు. జరిగింది ఆఫీసులోనే, పట్టపగలు. కుట్టుమిషన్లు లెక్క చూడాలని ఆయన నన్ను స్టోరు గదిలోకి పిలిచాడు. లోపలికి పోయాక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, రెండు చేతులూ రెండు దారబందాల మీద పెట్టి. "ఎప్పుడూ పనేనా, రవ్వంతసేపు కూసో" అన్నాడు. పక్కకు తప్పుకోమన్నాను. ముందుకొచ్చాడు. నా చేయి బొడ్లోకి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, టక్కుమన్న చప్పుడు మాత్రం విన్నాను. ఆయనా విన్నాడు. గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు. నేను ఆయనను తాకలేదు, ఒక్క మాట అనలేదు. మామిడికాయ ఒక్కటే తక్కువ.

వరండాలో అక్క నారు ప్యాకెట్లు సర్దుతోంది. తెరిచిన చాకుతో బయటికొచ్చిన నన్ను చూసింది, నా వెనక చెమట తుడుచుకుంటూ వచ్చిన ఆయననూ చూసింది. పరిగెత్తుకొచ్చి, "ముయ్యి, బిన్నా ముయ్యి" అని తనే నా బొటనవేలు పట్టి మీట వెనక్కి లాగింది. నా భుజం మీద చేయి వేసి నడిపించుకుంటూ పోయింది. "నేనుండాను. ఎవురడిగినా నేను సెప్తా, నేను సూసినా కదా. నువ్వు గమ్మునుండు" అంది. నేను గమ్మునున్నాను. రాసిచ్చేదేదో ఆ రోజే రాసివ్వకుండా ఆమె మాట పట్టుకుని ఊరుకున్నాను. రాసిచ్చింది ఆయన. పై ఆఫీసరు మీదికి మారణాయుధంతో వచ్చానని.

విచారణకు పెద్ద ఊరి నుంచి ఒక అధికారి వచ్చాడు. బల్ల మీద చాకు. ఒక పక్క మా ఆఫీసరు, ఒక పక్క నేను. జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఈ చాకు నీకెక్కడిది?" అన్నాడు అధికారి. "అక్క ఇచ్చింది సార్. ఆమె వరండాలో ఉన్నింది, మేమిద్దరం బయటికి రావడం చూసింది. ఆమెను అడగండి" అన్నాను. అడిగితే అయిపోతుందనే ధైర్యం ఎంతగా ఉందంటే, కుర్చీలో కాస్త వెనక్కి కూడా జారగిలబడ్డాను.

అక్కను పిలిచారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి నిలబడింది. నా వైపు చూడలేదు.

"ఈ కత్తి నువ్వు ఈ అమ్మాయి చేతికి ఇచ్చినావా?"

"లేదు సార్. ఆయమ్మ చేతికి నేను ఏ కత్తీ ఇయ్యలేదు."

"ఆ రోజు స్టోరు గదిలో ఏం జరిగింది?"

"లోపల నేను లేను సార్. వరండాలో నారు సర్దుకుంటా ఉంటిని. లోపల ఏం జరిగిందో నాకెట్ల తెలుస్తాది?"

"అక్కా" అన్నాను నేను. అధికారి ఆమెను పొమ్మన్నాడు. పోయింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. కోపం కూడా కాదు అది. అబద్ధాలాడే పిల్లను చూసే చూపు.

రూముకు పోయేసరికి సంగటి చేసి పెట్టింది, చెనక్కాయ చట్నీ నూరి మరీ. నాకిష్టమని. నేను పెట్టె సర్దుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నేను అబద్ధం సెప్పలేదమ్మే. నీ చేతికి ఇచ్చినానా? కింద పెట్టినా, నువ్వు తీసుకుంటివి. దేవుని పటం ముందర నిలబెట్టినా నేను అదే సెప్తా" అంది.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆ మాటతో నాకు ఊరట కలుగుతుందని నిజంగానే అనుకుంటోంది. నేల మీద పెట్టినప్పుడే ఇది ఆలోచించిందా, విచారణ నాడు ఆలోచించిందా అన్నది నాకు ఏనాటికీ తెలియదు. ఏదైనా ఒకటే. నా కళ్ళలో నీళ్ళు తెప్పించిన ప్రేమను తీసి సాకుగా వాడుకుంది.

"నన్ను పర్మనెంటు చేసే కాయితం ఆయప్ప బల్ల మీదే ఉండాది. నాకు కూతురుండాది, మొగుడు లేడు. నీకు వయసుండాది, ఇంగో పని దొరుకుతాది" అంది ఇంకాసేపటికి. అది ముందే చెప్పి ఉంటే, నేను చెప్పలేనమ్మే అని ఒక్క ముక్క అని ఉంటే, నేను వేరే దారి చూసుకునేదాన్ని. ఆమెకు భయం వేసినందుకు నాకు కోపం లేదు. నేనుండాను అని చెప్పి, నా నోరు మూయించి, అక్కడికి నడిపించుకుపోయినందుకు కోపం. సంగటి తినకుండా వచ్చేశాను.

ఉద్యోగం పోయింది. నాయన అన్న మాట నిలబెట్టుకున్నాడు, మళ్ళీ బయటికి పంపలేదు. మా పల్లెలో పిల్లలు నా వెనక టక్, టక్ అని నోటితో చప్పుడు చేసేవాళ్ళు. చూడ్డానికి వచ్చిన సంబంధాలవాళ్ళకు ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు, పిల్ల ఆఫీసరు మీద కత్తి దూసిందని. నాయన పోయాకే కుప్పంలో మిషన్ పెట్టుకోగలిగాను. మధ్యలో ఒకసారి పుంగనూరు బస్టాండులో ఆమె కనపడింది. నన్ను చూసి, ఎండ ఇటువైపు లేకపోయినా గొడుగు ఇటు వంచుకుంది.

మరి పెద్దకర్మకు ఎందుకు పోయావంటే చెప్పలేను. తిట్టుకుంటూనే బస్సెక్కాను. అంత ప్రేమించిన మనిషి ఇంకొకరు నాకు తరవాత దొరకలేదు, అది కూడా ఆమె తప్పే.

మదనపల్లి ఇంట్లో నడి గదిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. గోడకు ఆమె ఫోటో, బంతిపూల దండ. కూతురు అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల, నేను ఆమెను అంతకుముందు చూడలేదు. ఇప్పుడు బళ్ళో టీచరట. అదే పొడుగు, అదే ముడి. "అమ్మతో పనిచేసినారా పిన్నీ, కూచోండి" అని కాఫీ ఇచ్చింది. ఎవరో బస్సులో మామిడికాయ సంగతి చెప్పారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

"అది కాదత్తా, విచారణ సంగతి సెప్తే మీకు అర్థమవుతాది మా అమ్మ ఎట్లాంటిదో" అంది కూతురు. "ఒక కొత్తపిల్లను ఆఫీసరు ఏడిపిస్తాంటే అమ్మ తన చాకు ఆ పిల్లకు ఇచ్చిందంట. గొడవైనాక అందరి ముందర నిలబడి, ఈ కత్తి నాది, ఇచ్చింది నేను, ఏం చేస్తారో నన్ను చెయ్యండి అనిందంట. ఆఫీసరు తలకాయ దించుకున్నాడంట."

"మరి ఆ పిల్ల?" అని ఒకావిడ అడిగింది.

"జడుసుకుని ఉద్యోగం వదిలేసి పోయిందంట. అమ్మ అంత చేస్తే మళ్ళా ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదంట. అమ్మకు అదొక్కటే బాధ."

కాఫీ గ్లాసు కింద పెట్టాను. "ఆ పిల్లను నేనే" అన్నాను.

కూతురు ముఖం వెలిగిపోయింది. గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరా పిన్నీ? అమ్మ పోయేముందు కూడా తలుచుకునింది మిమ్మల్ని" అంది. ఆడవాళ్ళందరూ జరిగి నాకు చోటిచ్చారు. ఆ క్షణంలో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కళ్ళు తుడుచుకుని, మీ అమ్మ దేవతమ్మా అని ఒక్క మాట అని బస్సెక్కి ఉంటే నన్ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు. ఇన్నేళ్ళుగా ఇంట్లో, వీధిలో, ఆఖరికి ఆమె కథలో కూడా నేనే పిరికిదాన్నీ నేనే విశ్వాసం లేనిదాన్నీ అయ్యాక, నాకు మనసు రాలేదు.

"మీ అమ్మ ఆ మాట సెప్పలేదు తల్లీ" అన్నాను. "ఆయమ్మ చేతికి నేను ఏ కత్తీ ఇయ్యలేదని సెప్పింది. వరండాలో ఉండి సూసి కూడా, నాకెట్ల తెలుస్తాదనింది. నేను వదిలేసి పోలేదు. నన్ను తీసేసినారు."

కూతురు నా చేతులు మెల్లగా వదిలింది.

"అమ్మ లేని పొద్దు సూసి వచ్చి ఇట్ల మాట్లాడేది బాగుండాదా పిన్నీ?"

"ఆమె ఉన్నప్పుడే సెప్పినాను. విచారణలోనే సెప్పినాను."

"మీరు సెప్పిందే నిజమనేదానికి ఎవురున్నారు అప్పుడు?" అంది ఆ పిల్ల. అరవలేదు, మర్యాదగానే అడిగింది. ఆ అధికారి చూసినట్టే చూసింది.

ఎవరున్నారని చెప్పను? ఉన్న ఒక్క మనిషీ గోడ మీద, బంతిపూల దండ వెనక, నా వైపు చూడకుండా కూర్చుని ఉంది.